పద్నాలుగో నంబరు బ్యాటరీ మీద బొట్టు

మధ్యాహ్నం రెండున్నరైనా అట్టపెట్టె ఇంట్లో ఫ్యాను ఆగలేదు.

స్పందన, ఫర్హానా రెండు చెప్పుల డబ్బాలు అతికించి ఆ ఇల్లు చేశారు. కిటికీలు కోసి, గోడలకు నీలం రంగు వేశారు. లోపల మూడు బల్బులు, ఒక బుల్లి ఫ్యాను. పైకప్పు మీద నల్ల చార్టుతో చేసిన ఉత్తుత్తి సోలార్ ప్లేటు. ఇంటి ముందర ‘అందరికీ వెలుగు’ అని కన్నడంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి బోర్డు పెట్టారు.

ఆ రోజు స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. పక్క బల్ల మీద తేజస్ చేసిన అగ్నిపర్వతం పొద్దున ఒకసారి పొంగి, ఇక పొంగనని మొండికేసింది. అవతలి బల్ల మీది గాలిమరకు రెక్క ఊడిపోయింది. వీళ్ళ ఇల్లు మాత్రం పదింటి నుంచి ఆరకుండా వెలుగుతోంది. ఐదో క్లాసు పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? ఇద్దరికీ కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

కిరణ్మయి మిస్ వంగి బల్ల కింద చూసింది. అక్కడ ఇటుకంత నల్లటి బ్యాటరీ ఉంది. మూత మీద తెల్ల పెయింటుతో 14 అని రాసి ఉంది. అంకె పక్కన ఎర్రటి కుంకుమ బొట్టు.

“ఇదెక్కడిది స్పందనా?”

“మా అవ్వది మిస్. నిజంగా సోలార్‌తో ఛార్జ్ అయిందే. మా మిద్దె మీద ప్లేట్లున్నాయి.”

“అరె, సూపర్! అందరూ బొమ్మ బ్యాటరీలు తెస్తే మీరు అసలుదే తెచ్చారే!” అంటూ మిస్ నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది.

మిస్ అటు వెళ్ళగానే ఫర్హానా చెవి దగ్గరికొచ్చింది. “అవ్వను అడిగే తెచ్చినావు కదా?”

“ఆఁ, అడిగినా,” అంది స్పందన.

అడగలేదు. అడిగితే అవ్వ వద్దంటుందని తెలుసు, అందుకే అడగలేదు.

స్పందన వాళ్ళ ఇల్లు బెంగళూరులో మడివాళ మార్కెట్టుకు రెండు వీధుల అవతల. అమ్మ నళిని గార్మెంట్ ఫ్యాక్టరీలో బట్టలు కుడుతుంది. అవ్వ అలివేలు లైట్లు అద్దెకిస్తుంది. సాయంత్రం మార్కెట్టు పక్క సందుల్లో తోపుడు బళ్ళు పెట్టుకునేవాళ్ళకు కరెంటు ఉండదు. బండికి మీటరు ఎవరిస్తారు? అందుకని ఒకప్పుడు తాత వాళ్ళకు కిరసనాయిలుతో మండే గ్యాస్‌లైట్లు అద్దెకిచ్చేవాడు. ఆ పొగ ఏళ్ళ తరబడి పీల్చి తాతకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గుతోనే పోయాడు.

తాత పోయాక అవ్వ ఆ లైట్లన్నీ పాత సామాన్ల అంగట్లో వేసేసింది. ఒక సంస్థవాళ్ళు వచ్చి మిద్దె మీద సోలార్ ప్లేట్లు పెట్టారు. ఇరవై బ్యాటరీలు, ఇరవై బల్బులు ఇచ్చి పని నేర్పారు. ఇప్పుడు లైటుకు పొగ లేదు, వాసన లేదు. అద్దె కూడా పాతదానిలో సగమే. బజ్జీల బండికీ, పళ్ళ బండికీ, పూల గంపకూ అవ్వ లైటే.

అవ్వకు అంకెలు తప్ప చదవడం రాదు. కానీ ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే మార్కెట్టుకు పోయి బ్యాటరీలు తెస్తుంది. తడిగుడ్డతో ఒక్కొక్కదాని మూత తుడుస్తుంది. మిద్దె మీద బోర్డుకు తగిలిస్తుంది. బోర్డు మీద ప్రతి బ్యాటరీకి ఒక చిన్న లైటుంటుంది. నిండేదాకా ఎర్రగా ఉంటుంది, నిండగానే ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు అవ్వ ఆ బ్యాటరీని ఊడదీసి, నూనెలో కలిపిన కుంకుమతో మూత మీద బొట్టు పెడుతుంది. బొట్టు పెట్టినవి చెక్కబల్ల మీదికి, పెట్టనివి కింద నేల మీదికి.

తాత కూడా అంతే, కిరసనాయిలు నింపిన లైట్లకే బొట్టు పెట్టేవాడట. 

బ్యాటరీని పైనుంచి చూస్తే నిండిందో లేదో ఎవరికీ తెలియదు. బొట్టుంటే నిండినట్టు. మార్కెట్టులో అందరికీ ఆ సంగతి తెలుసు. అవ్వ బొట్టు పెట్టిందంటే బండి మూసేదాకా లైటుకు ఢోకా లేదు.

పద్నాలుగో నంబరు కదిరమ్మది. ఆమె మిరపకాయ బజ్జీలు వేస్తుంది. ముందురోజు చుట్టాలింటికి పోయి బండి పెట్టలేదు. అందుకే ఆ పొద్దున పద్నాలుగు నిండుగా, బొట్టుతో బల్ల మీదే ఉంది. అవ్వ మార్కెట్టుకు పోయిన సమయం చూసి స్పందన దాన్ని బ్యాగులో పెట్టుకుంది. బల్ల మీద ఎన్నున్నాయో అవ్వ సాయంత్రం దాకా లెక్క చూసుకోదు.

మూడింటికి మైకులో పేర్లు చదివారు. ఐదో క్లాసులో ఫస్టు ప్రైజు ‘అందరికీ వెలుగు’కే వచ్చింది. పెద్ద కప్పు! ఈ వారం స్పందన ఇంట్లో, వచ్చే వారం ఫర్హానా ఇంట్లో పెట్టుకోవాలని దారిలోనే ఒప్పందమైపోయింది.

ఇంటికి రాగానే స్పందన నేరుగా మిద్దె ఎక్కింది. అవ్వ కింద వంటింట్లో ఉంది. బ్యాగులోంచి పద్నాలుగు తీసి చేత్తో పట్టుకుని నిలబడింది.

నేల మీద పెడితే అవ్వ అడుగుతుంది, బొట్టున్న బ్యాటరీ కిందికి ఎట్లా వచ్చిందని. బొట్టు చెరిపేద్దామని బొటనవేలు దాని మీద పెట్టింది. చెరిపితే బల్ల మీద ఒకటి తగ్గుతుంది. అప్పుడూ అడుగుతుంది. ‘మూడు చిట్టి బల్బులు, ఒక చిట్టి ఫ్యాను. ఎంత ఖర్చయి ఉంటుంది? రొవ్వంతే కదా,’ అనుకుంది.

“స్పందనా! మా అమ్మీ పిలుస్తాంది, కప్పు తీసుకుని రా!” కిందినుంచి ఫర్హానా కేక పెట్టింది.

స్పందన బొటనవేలు తీసేసింది. పద్నాలుగును పొద్దున తీసిన చోటే, బల్ల మీద పెట్టి, మెట్లు దిగి పరుగెత్తింది.

ఐదింటికి పళ్ళ బండి అంజినప్ప వచ్చాడు. రోజూ అతని బండి మీదే బ్యాటరీలన్నీ మార్కెట్టుకు పోతాయి. అవ్వ బొట్లు చూసుకుంటూ ఒక్కొక్కటే అందించింది. అందిస్తూనే కప్పు సంగతి చెప్పింది.

“సూర్యుడి కరెంటు మీద మా పాప ప్రైజు తెచ్చుండాదప్పా! ఈ మాదిరి కప్పు!” అని రెండు చేతులు బార్లా చాపింది. నిజానికి కప్పు అంత లేదు.

మర్నాడు పొద్దున స్పందన ఇడ్లీ తింటూ ఉంటే అవ్వ, అంజినప్ప మెట్లెక్కి వచ్చారు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె చేతిలో పద్నాలుగో నంబరు ఉంది.

“అక్కా, కదిరమ్మ మాటలు మనసులో పెట్టుకోవద్దు. నొప్పిలో అనింది,” అన్నాడు అంజినప్ప.

“ఏమైందన్నా?” అంది అమ్మ.

“నిన్న ఏడింటికి బజ్జీలు తీస్తా ఉండాది నళినమ్మా. మంచి గిరాకీ. ఉన్నట్టుండి లైటు పుటుక్కున ఆరిపోయింది. ఆమె గరిటె ఎత్తుండాది, ముందర జనం తోసుకుంటా ఉండారు. చీకట్లో గరిటె బాణలి అంచుకు తగిలి నూనె చేతి మీద పడింది. మణికట్టు నుంచి ఇంత దూరం కాలిపోయింది. ఆసుపత్రిలో కట్టు కట్టినారు. మూడు వారాలు పొయ్యి దగ్గరికి పోకూడదన్నారు.”

స్పందన చేతిలోని ఇడ్లీ ముక్క కంచంలో పెట్టేసింది.

అవ్వ బ్యాటరీని ఇటూ అటూ తిప్పింది. “బొట్టుండాది నళినీ. చూడు, ఇదో. నా చేత్తోనే పెట్టినా. గ్రీన్ లైటు రాకముందే వచ్చిందనుకుని పెట్టేసినట్టుండాను. ఇన్నేండ్లలో ఇట్ల ఎప్పుడూ కాలేదు.”

“పోనీలేమ్మా, ఎవరికైనా జరుగుతుంది,” అంది అమ్మ.

“నాకు జరగకూడదు. ఆమె నా బొట్టు నమ్మి కదా పొయ్యి వెలిగించింది?”

అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. అవ్వ ముందరే ఉంది, అమ్మా ఉంది. ‘నేనే తీసుకుపోయినా’ అని ఒక్క ముక్క అంటే చాలు. అందామని తలెత్తింది. ఫ్రిజ్ మీద కప్పు మెరుస్తూ కనబడింది. స్పందన నీళ్ళు తాగి, బ్యాగు తగిలించుకుని స్కూలుకు వెళ్ళిపోయింది.

ఆ రోజు చెప్పనిది మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది. మర్నాడు చెప్పనిది ఆ తర్వాతి రోజు ఇంకా కష్టమైంది. అట్లా ఆరు రోజులు గడిచాయి.

ఆ ఆరు రోజుల్లో అవ్వ మారిపోయింది. మునుపు బోర్డు వైపు ఒకసారి చూసి టకటకా బ్యాటరీలు ఊడదీసేది. ఇప్పుడు ముక్కు బోర్డుకు ఆనేంత వంగి చూస్తోంది. చూసి, వెనక్కి వచ్చి, మళ్ళీ పోయి చూస్తోంది. అప్పటికీ నమ్మకం కుదరక స్పందనను పిలుస్తోంది.

“పాపా, ఇట్ల రా. ఇది ఏ రంగుండాది చెప్పు?”

“గ్రీన్, అవ్వా.”

“బాగ చూసి చెప్పు తల్లీ. నీ కండ్లు చిన్నవి, మంచివి.”

“గ్రీనే, అవ్వా.”

“నువ్వు చెప్పినావంటే సరి,” అని అవ్వ అప్పుడు బొట్టు పెట్టేది. ఆ మాట వినలేక స్పందన మెట్ల వైపు తిరిగేది.

మార్కెట్టులో సంగతి పాకిపోయింది. మొక్కజొన్న కంకులు కాల్చే ఆయన లైటు వద్దన్నాడు. గాజుల బండి ఆమె, పాత కిరసనాయిలు లైటే నయమంది. బోర్డు మీద నాలుగు చోట్లు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత అంజినప్పే వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

“అక్కా, నేను పక్క అంగడి నుంచి వైరు లాక్కుంటున్నా. తప్పుగా అనుకోవద్దు.”

“ఆ వైరు నేల మీద కదప్పా ఉండేది? వానొస్తే?”

“ఏం చేసేది అక్కా? చీకట్లో పళ్ళు ఎవరు కొంటారు?”

అంజినప్ప బండి ఇటు రాకపోవడంతో అవ్వ మిగిలిన బ్యాటరీలు రెండు సంచుల్లో వేసుకుని తనే మోసుకుపోయింది. సగం దారిలో సంచులు దించి, అరచేతులు చూసుకుని, మళ్ళీ ఎత్తుకోవడం స్పందన మిద్దె మీదినుంచి చూసింది. పరుగెత్తుకుపోయి ఒక సంచి అందుకుందామనుకుంది. అందుకుంటే అవ్వ ‘మా తల్లి’ అని తల నిమురుతుంది. ఆ నిమరడం తనకు దక్కకూడదనిపించింది. అక్కడే నిలబడిపోయింది.

కప్పును ఫ్రిజ్ మీదినుంచి తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. అమ్మ చూసి ఎందుకంది. “సుమ్నే, ఊరికే, దుమ్ము పడుతోందని,” అంది స్పందన.

బుధవారం సాయంత్రం అవ్వ అమ్మతో మెల్లగా అంటోంది. “సంస్థవాళ్ళకు ఫోన్ చెయ్యి నళినీ. శనివారం వచ్చి ప్లేట్లు తీసుకుపొమ్మను. కండ్లుండే వాళ్ళకెవరికైనా ఇస్తారు.”

“ఒక్కసారి జరిగినదానికి ఇదంతా ఎందుకమ్మా?”

“ఇంకోసారి జరిగితే? ఈసారి ఎవరి చెయ్యో?” అంది అవ్వ. అమ్మ ఫోన్ చేసింది. శనివారం పదింటికి వస్తామన్నారు.

గురువారం స్కూలు నుంచి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. అవ్వ గదిలో గోడ క్యాలెండరుకు దూరంగా నిలబడింది. ఎడమ కంటిని అరచేత్తో మూసుకుని అంకెలు చదువుతోంది.

“పదకొండు... పన్నెండు... పదమూడు...”

చెయ్యి మార్చి కుడి కంటిని మూసుకుంది. రెండడుగులు వెనక్కి జరిగింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అన్నీ సరిగ్గానే చదువుతోంది. చదివి, అయినా నమ్మలేనట్టు తల అడ్డంగా ఊపుతోంది.

“పద్నాలుగు,” అంది అవ్వ.

స్పందన బ్యాగు కింద పడేసింది.

“అవ్వా, నువ్వు తప్పు చూడలేదు. నేనే. పద్నాలుగు నేనే స్కూలుకు తీసుకుపోయినా. ఎగ్జిబిషన్‌కు. పొద్దున్నుంచి వాడేసినా. మళ్ళీ తెచ్చి బల్ల మీద పెట్టినా. బొట్టు చెరపలేదు. చెరిపితే నీకు తెలిసిపోతుందని చెరపలేదు.”

ఒక్క గుక్కలో అంతా చెప్పేసి కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ పడుతుందనుకుంది. పడితే బాగుండు అనుకుంది.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే అవ్వ మంచం అంచున కూర్చుని ఉంది. కంటి మీద పెట్టుకున్న చెయ్యి ఇంకా అట్లాగే గాలిలో ఉంది.

“అయితే నా కండ్లు బాగుండాయా?” అంది అవ్వ.

ఆ ఒక్క మాటకు స్పందనకు ఏడుపు ఆగలేదు. అవ్వ తిట్టి ఉంటే ఇంత ఏడ్చేది కాదు. అవ్వ మాత్రం పెద్దగా ఊపిరి వదిలి, రెండు చేతులతో తన మోకాళ్ళు తడుముకుంది.

“వారం దినాలు,” అంది. “వారం దినాలు నన్ను పిచ్చిదాన్ని చేసినావు కదే. నీ కండ్లే నమ్ముకుని బొట్టు పెడ్తా ఉన్నా కదా, అప్పుడన్నా నోరు రాలేదా నీకు?”

“భయమైందవ్వా.”

“నేనంటే భయమా?”

స్పందన ఆలోచించింది. “కాదు. నేనే చేసినానని అందరికీ తెలుస్తుందని.”

అవ్వ లేచి ముఖం కడుక్కుంది. చీర సరిచేసుకుంది. “నాకు చెప్పినావు. బాగుంది. కాలింది నా చెయ్యి కాదు. చెప్పులేసుకో.”

కదిరమ్మ గది మార్కెట్టు వెనక సందులో ఉంది. గడప దగ్గర ఆమె బండి గోడకు ఆనించి, గోనెపట్ట కప్పి ఉంది. కదిరమ్మ లోపల నేల మీద కూర్చుని ఎడమ చేత్తో ఉల్లిగడ్డ వలవడానికి తంటాలు పడుతోంది. కుడిచేతికి మోచేతి దాకా తెల్ల కట్టు. అవ్వను చూడగానే తల దించుకుంది.

స్పందన గడప బయటే నిలబడి చెప్పింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది గానీ, ఆ కట్టు చూశాక ఒక్కటీ గుర్తు లేదు. ఏం జరిగిందో అదే చెప్పింది. బొటనవేలు బొట్టు మీద పెట్టి తీసేసిన సంగతి కూడా చెప్పింది.

కదిరమ్మ తలెత్తింది. చేతిలో ఉల్లిగడ్డ పక్కన పెట్టింది.

“చెయ్యి కాలింది, మానుతుంది పాపా. దాని గురించి కాదు,” అంది. “మర్నాడు పొద్దున మీ అవ్వ నాకు మందు తీసుకొచ్చింది. నేను ఆ మందు వీధిలోకి విసిరేసినా. కండ్లు కనపడని ముసల్దానికి ఈ పని ఎందుకని అరిచినా. వీధంతా వినింది. మీ అవ్వ ఒక్క మాట అనకుండా ఆ మందు డబ్బా ఏరుకుని పోయింది. ఇప్పుడా మాట నేనెట్ల వెనక్కి తీసుకునేది?”

స్పందనకు ఈ సంగతి తెలియదు. అవ్వ ఇంట్లో చెప్పలేదు. క్యాలెండరు ముందర అవ్వ ఎందుకు నిలబడిందో ఇప్పుడు తెలిసింది.

“పోనీలే కదిరమ్మా,” అంది అవ్వ.

“ఎట్ల పోతుందక్కా?” అంది కదిరమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామని కుడిచెయ్యి ఎత్తబోయి, నొప్పితో ఆపేసింది. 

స్పందన చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. ఉల్లిగడ్డ తీసుకుని వలవడం మొదలుపెట్టింది. కదిరమ్మ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. గంపలో ఉన్నవన్నీ వలిచేదాకా స్పందన అక్కడే కూర్చుంది.

మర్నాడు సాయంత్రం స్పందన ఒక్కొక్క బండి దగ్గరికీ పోయి చెప్పింది. వెంట ఫర్హానా కూడా వచ్చింది. “అడిగినానని నాకూ అబద్ధం చెప్పినావు,” అని దారంతా ముఖం ముడుచుకునే ఉంది, కానీ వచ్చింది. గాజుల బండి ఆమె స్పందనను గట్టిగానే తిట్టి, రేపటి నుంచి లైటు పంపమంది. కంకుల ఆయన నవ్వి ఊరుకున్నాడు. అంజినప్ప మాత్రం తల గోక్కున్నాడు.

“వైరు లాక్కున్నా కదా పాపా. అంగడాయనకు మాటిచ్చినా. చూద్దాంలే.”

ఆ వైరు అతని కాళ్ళ దగ్గర, నీళ్ళ మడుగు పక్కనుంచే పోతోంది. స్పందన దాన్ని చూస్తూ కాసేపు నిలబడి వచ్చేసింది. అంజినప్ప ఆ తర్వాత కూడా లైటు తీసుకోలేదు.

శనివారం పొద్దున్నే, రావద్దని అమ్మ సంస్థవాళ్ళకు మళ్ళీ ఫోన్ చేసింది. ఆ పొద్దున అవ్వ కుంకుమ గిన్నె తెచ్చి స్పందన చేతిలో పెట్టింది.

“స్కూలు లేని రోజుల్లో బొట్టు నువ్వే పెట్టు.”

“నాకొద్దవ్వా!”

“గమ్మున పెట్టు,” అని అవ్వ కిందికి వెళ్ళిపోయింది.

మొదటి బ్యాటరీకి బొట్టు పెట్టడానికి స్పందనకు పది నిమిషాలు పట్టింది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం కదిరమ్మ మళ్ళీ బండి పెట్టింది. ఆమె రాని రోజుల్లో పద్నాలుగు వేరేవాళ్ళకు అద్దెకు పోయేది, బల్ల మీద మిగులు బ్యాటరీ ఒక్కటీ లేదు. అదేమి ఖర్మో, ఆ రోజంతా మబ్బే. మధ్యాహ్నం రెండింటి దాకా బోర్డు నిండా ఎర్ర లైట్లే. తర్వాత కాసింత ఎండ కాసింది. ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారాయి. నాలుగున్నరకు అన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. పద్నాలుగు ఎర్రగానే ఉంది.

“అయ్యిందా పాపా? కదిరమ్మ వచ్చుండాది!” అని కిందినుంచి అవ్వ పిలిచింది.

స్పందన ఇంకో పావుగంట చూసింది. లైటు మారలేదు. పద్నాలుగును ఊడదీసి, మెట్లు దిగింది. గుమ్మంలో కదిరమ్మ నిలబడి ఉంది. కట్టు విప్పేశారు. మణికట్టు మీద చర్మం గులాబి రంగులో, ముడతలుగా ఉంది. స్పందన అటు చూడకుండా ఉండలేకపోయింది.

“కదిరమ్మత్తా, ఇది నిండలేదు. బొట్టు పెట్టలేదు. ఎనిమిది దాకా వస్తుందేమో. అంతకు మించి రాదు.”

కదిరమ్మ బ్యాటరీ మూత వైపు, స్పందన వైపు మార్చి మార్చి చూసింది. బండి మళ్ళీ పెడుతున్న మొదటి రోజు, గిరాకీ చూస్తే ఎనిమిది తర్వాతే ఎక్కువ. 

“సరి. ఎనిమిదికే బాణలి దించేస్తా,” అని బ్యాటరీ అందుకుంది.

ఎనిమిదికి పావుగంట ఉండగా స్పందన, అవ్వ బండి దగ్గరికి వెళ్ళారు. బల్బు వెలుగుతూనే ఉంది. బండి ముందర నలుగురు నిలబడ్డారు.

“అత్తా, టైమవుతోంది. దించేయ్.”

“ఇంకొక్క వాయి పాపా. వీళ్ళు అడుగుతా ఉండారు.”

“వద్దత్తా. ముందు దించు.”

కదిరమ్మ తన మణికట్టు చూసుకుంది. స్టవ్ ఆర్పేసి, బాణలి మీద పళ్ళెం బోర్లించి, బండి లోపలి మూలకు జరిపింది. “అయిపోయిందప్పా, రేపు రండి,” అని జనానికి చెప్పింది. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు.

లైటు ఆ తర్వాత ఇంకో పదినిమిషాలు వెలిగింది. ముగ్గురూ దాని కిందే నిలబడ్డారు. వెలుతురు మెల్లగా పలచబడి, ఆరిపోయింది. ఎవరూ ఉలిక్కిపడలేదు.

స్పందన చీకట్లోనే వైరు ఊడదీసి, బ్యాటరీని ఒళ్ళోకి తీసుకుంది. వేలితో మూత తడిమింది. నున్నగా ఉంది.

“రేపు ఎండొస్తుందా పాపా?” అని అడిగింది కదిరమ్మ.

“తెలీదత్తా,” అంది స్పందన. “రేపు నాకు స్కూలు, అవ్వే చూస్తుంది. నిండితేనే బొట్టు పెడుతుంది.”